కప్పుట వేరు, దాచుట వేరు



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక నలుగురైదుగురు ఒకే మాట అడిగారు. "అయ్యగారూ, మాండలిన్‌కి పెట్టె చాలా బాగా కుదిరిందండి. ఎక్కడ కొన్నారు? ఎంతయ్యింది?" అప్పటికి నవ్వి ఊరుకున్నాము. ఎంతయ్యిందో చెప్పడం తేలికే. అన్నీ కలిపి 3,050 రూపాయలు. ఎక్కడ కొన్నామంటే, ఎక్కడా కొనలేదు. అది మన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా తప్పొకటి ఒప్పుకోవాలి. అది గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ చెప్పే సంగతి కాదు గనుక ఇక్కడ రాస్తున్నాము. తప్పు మా దంపతులిద్దరిదీ గనుక మొదటి నుండి చివర వరకు 'మేము' అనే రాస్తాము.

ఆ మాండలిన్ ఎవరిదో మీలో పెద్దవాళ్ళకు తెలుసు. కొత్తగా సంఘంలో చేరినవాళ్ళ కోసం చెబుతున్నాము. మన సంఘపెద్ద తాతగారు వయసులో ఉన్నప్పుడు పనికోసం కలకత్తా వెళ్ళి, అక్కడ కొని తెచ్చుకున్న వాయిద్యం అది. పైభాగం బొట్టు ఆకారంలో, కింద గుండ్రంగా, మెడ దగ్గరికి వచ్చేసరికి సన్నగా ఉంటుంది. ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. శ్రుతి వయొలిన్‌కు పెట్టినట్టే పెడతారు. మెట్లు ఉంటాయి గనుక వయొలిన్ కన్నా పిల్లలకు తొందరగా చేతికొస్తుందని తాతగారు అనేవారు. మనకు దగ్గరలోని పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి, 1998లో పద్మశ్రీ అందుకున్నారు కదా. ఆ పేరు ఎత్తితే చాలు, తాతగారు తమ ఇంటి పిల్లవాడి సంగతిలా మురిసిపోయేవారు. "ఆయన ఐదు తీగల కరెంటు మాండలిన్ మీద రాగాలు వాయించారు, నేను ఎనిమిది తీగల మీద కీర్తనలు వాయిస్తున్నాను, అంతే తేడా" అని నవ్వించేవారు.

తాతగారు ప్రభువు సన్నిధికి వెళ్ళాక మామ్మగారు ఆ వాయిద్యాన్ని మా చేతికిచ్చారు. ఒకటే మాట చెప్పారు. "గుడిలో బీరువాలో పెట్టి తాళం వేయకండి. ఆయన ఇంటింటికీ పట్టుకెళ్ళేవారు. మీరూ పట్టుకెళ్ళండి." సరేనన్నాము. అప్పటికే తాతగారి దగ్గర నేర్చుకుంటున్న పాప ఒకతె ఉంది. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. బుధవారం, శుక్రవారం గృహకూడికలకు ఆ పాప వాయిస్తుంటే పాడడం మన సంఘానికి అలవాటైంది. ఎవరి గొంతు ఎటు పోయినా ఆ ఎనిమిది తీగలు మనలను వెనక్కి పిలుస్తాయి.

మరి ఆ వాయిద్యాన్ని ఎలా తీసుకెళ్ళేవాళ్ళము? పాత దుప్పట్లో చుట్టి, దాన్ని బియ్యం సంచిలో దూర్చి, మూతి తాడుతో కట్టి. పెట్టె కొందామని పాప రెండుసార్లు అడిగింది. "చూద్దాములే అమ్మా, ముందు గుడి రేకులు వేయించాలి కదా" అన్నాము. "జాగ్రత్తగా పట్టుకుంటే ఏమీ కాదు" అని కూడా అన్నాము. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆషాఢంలో ఒక శుక్రవారం కూడిక ముగించుకుని తిరిగి వస్తున్నాము. ఒకే బండి మీద ముగ్గురము. అది మొదటి తప్పు. పాప మధ్యలో కూర్చుని సంచిని నిలువుగా భుజానికి ఆనించి పట్టుకుంది. కాలువ గట్టు మీద ఒండ్రు, పైన చినుకులు. బండి నెమ్మదిగానే వెళుతోంది గానీ తూము దగ్గర చక్రం జారింది. ముగ్గురమూ పక్కకు పడ్డాము. సంచి తూము రాతికి తగిలిన చప్పుడు మాకు వినిపించింది.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి మాకు చాలా రోజులు పట్టింది. మేమిద్దరమూ లేచి, బురద కూడా తుడుచుకోకుండా, ముందు ఆ సంచి దగ్గరికి వెళ్ళాము. తాడు విప్పి, దుప్పటి తీసి, ఫోను వెలుగులో చూశాము. మెడ, తల కలిసే చోట వెనకవైపు సన్నని పగులు. వెంట్రుకంత. పాప మా వెనక నిలబడి మోచెయ్యి పట్టుకుని చూస్తోంది. "నాకేం కాలేదండి, అది బాగానే ఉందా అండి?" అని ఆ పాపే అడిగింది. మేము అడగకముందే జవాబు చెప్పింది గనుక ఇక అడగనే లేదు.

ఇంటికొచ్చాక తీగలు వదులు చేసి బీరువాలో పెట్టాము. పాపను పిలిచి నెమ్మదిగా చెప్పాము. "మామ్మగారికి ఇప్పుడే చెప్పొద్దమ్మా. పెద్దావిడ, బాధపడతారు. బాగుచేయించాక మేమే చెబుతాములే." ఆ పిల్ల తలూపింది. మరుసటి వారం కూడికలో మామ్మగారు "మాండలిన్ తేలేదేం?" అని అడిగితే, పాప మా వైపు చూసి, "తీగ తెగిందండి" అంది. ఆదివారంబడిలో అబద్ధమాడకూడదని మేము నేర్పిన పిల్ల మా కోసం అబద్ధమాడింది. ఆ రోజే మా కళ్ళు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. దానికి బదులు మేము పెట్టె కోసం వెదకడం మొదలుపెట్టాము.

పగులు ఎవరి చేతనైనా అతికించి, మంచి పెట్టెలో పెట్టి, "మామ్మగారూ, చూడండి, తాతగారి వాయిద్యానికి పెట్టె కొన్నాము" అని తీసుకెళితే ఆవిడ సంతోషిస్తారు, పగులు సంగతి ఎత్తనక్కర లేదు. మా ఆలోచన ఇది. పైకి అలా అనుకోలేదు గానీ మనసు లోపల ఉన్నది అదే.

మొదట ఫోనులో చూసి మెత్తని సంచి ఒకటి తెప్పించాము. 1,400 రూపాయలు. అది వేరే రకం మాండలిన్‌కు కుట్టినది. ఒక పక్క చుట్ట తిరిగి, కొమ్ముల్లా మొనలు ఉండే రకం ఉంటుంది, దానిని ఎఫ్ స్టైల్ అంటారు. మనది బొట్టు ఆకారం, ఏ స్టైల్. ఆ సంచిలో పెడితే చంటిపిల్లకు నాన్న చొక్కా తొడిగినట్టు అటూ ఇటూ కదులుతోంది. కదిలే ప్రతిసారీ బ్రిడ్జి మీద ఒత్తిడి పడుతోంది. మాండలిన్ బ్రిడ్జిని జిగురుతో అతికించరు, తీగల బిగువే దానిని నిలబెడుతుంది. పక్కకు నెట్టితే జరిగిపోతుంది, జరిగితే శ్రుతి నిలవదు. సంచి తిరిగి పంపించేశాము.

తర్వాత పనిమీద విజయవాడ వెళ్ళినప్పుడు వాయిద్యాల దుకాణంలో అడిగాము. మాండలిన్ పెట్టె లేదన్నారు. వయొలిన్ పెట్టె చూపించారు. పొడవు సరిపోయేలా ఉంది. కానీ వయొలిన్ కింది భాగం వెడల్పు ఎనిమిది అంగుళాల పైచిలుకే. మన మాండలిన్ నిండా పది అంగుళాలు. పెట్టె మూత పడదు. యుకులేలీ సంచులు చూపించారు. టెనార్ రకం 26 అంగుళాలు, మనది 27. నెడితే దూరుతుంది గానీ తల భాగం జిప్పుకు గట్టిగా ఆనుతుంది. అసలు పగిలిందే అక్కడ. కొలిచి చూస్తున్న కుర్రవాడు, "పగిలేటట్టు ఉంటుందండి అక్కడ" అన్నాడు. మేము మాట్లాడలేదు. చివరికి విదేశంలో చేసిన గట్టి పెట్టె ఒకటి ఫోనులో చూపించాడు. మాండలిన్‌కే చేసినది, లోపల మఖమల్, బయట నిగనిగలాడే నలుపు. పదకొండు వేల పైన. అంత డబ్బు మా దగ్గర లేదు. సంఘాన్ని అడిగితే ఇస్తారు గానీ, ఎందుకు కావాలో చెప్పాలి కదా.

బస్సులో తిరిగి వస్తూ దావీదు సంగతి తలంచుకున్నాము. సౌలు తన యుద్ధవస్త్రములు తీసి ఆ చిన్నవానికి తొడిగించాడు. శిరస్త్రాణం రాగిది, రాజుది. విలువలో లోటేమీ లేదు. కానీ దావీదు నడవలేకపోయాడు, తీసివేశాడు. మంచి వస్తువు, తప్పు కొలత. "మాకు డబ్బు లేక కుదరడం లేదు" అని అప్పటి వరకూ అనుకుంటున్నాము. ఆ రోజు తెలిసింది, చవకవీ కుదరలేదు, ఖరీదైనదీ కుదరలేదు. లోపం ఇంకెక్కడో ఉంది.

మన వీధి చివర వడ్రంగి ఉన్నారు కదా. మన సంఘస్తుడు కారు. తలుపులు, మంచాలు, పందిరి బల్లలు చేస్తారు. "పెట్టె ఒకటి చేసిపెట్టండి" అని మాండలిన్ పట్టుకెళ్ళాము. ఆయన దానిని కొలబద్దతో కాదు, ముందు చేతులతో చూశారు. వీపు తడిమారు, మెడ తడిమారు, తల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది.

"పాస్టరుగారండీ, ఇది ఎక్కడ దెబ్బతింది? ఎలా పడింది?"

"అది పాత వాయిద్యమండి, కాస్త..." అని ఏదో అనబోయాము.

"పాతదెబ్బ కాదండి ఇది. చెక్క లోపల ఇంకా తెల్లగా ఉంది. నేను మిమ్మల్ని తప్పు పట్టడానికి అడగట్లేదండి. తలుపు చేసేముందు గోడ ఎక్కడ వంగిందో నాకు చెప్పాలి. గోడ తిన్నగానే ఉందని చెప్పి చేయించుకుంటే నేను తలుపు తిన్నగా చేస్తాను, అది గుమ్మంలో పడదు. ఇదీ అంతే. ఎక్కడ విరుగుతుందో తెలిస్తేనే ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ తగలనివ్వకూడదో తెలుస్తుంది."

ఇరవై ఏళ్ళుగా వాక్యం చెబుతున్న మాకు ఆ చెక్కపొట్టులో నిలబడి ఏమీ తోచలేదు. జరిగినదంతా చెప్పాము. బండి మీద ముగ్గురము ఎక్కిన సంగతి, తూము రాయి, మామ్మగారికి చెప్పని సంగతి, అన్నీ. ఆయన తీర్పు తీర్చలేదు. "అయితే ముందు అతకాలండి. ఆ తర్వాతే పెట్టె" అన్నారు. బ్రిడ్జి ఉన్నచోటు పెన్సిలుతో సన్నగా గుర్తు పెట్టి, తీగలు విప్పి, పగులులోకి జిగురు ఎక్కించి, రెండు చెక్కముక్కల మధ్య బిగించి, మర్నాటి వరకు ముట్టుకోవద్దన్నారు. మేము గుమ్మం దాటుతుండగా అన్నారు, "ఆ పెద్దావిడకి చెప్పండి. అతుకు కనబడుతుంది. నేను ఎంత నునుపు చేసినా కనబడుతుంది."

ఆ సాయంత్రమే మామ్మగారింటికి వెళ్ళాము. దారిలో ఎలా మొదలుపెట్టాలో ఇద్దరమూ అనుకున్నాము. ఆవిడ అరుగు మీద చింతపండు ఈనెలు తీస్తున్నారు. కూర్చోమన్నారు. అనుకున్నవేవీ నోటికి రాలేదు. "మామ్మగారూ, తాతగారి మాండలిన్ మా చేతుల్లో పగిలిందండి. నెల దాటింది. మీకు చెప్పకుండా దాచాము" అన్నాము.

ఆవిడ చేతిలో పని ఆపారు. "ఎలా పగిలింది?"

"బండి మీద నుండి పడ్డామండి. పాప పట్టుకుని కూర్చుంది."

"అయ్యో! పాపకు దెబ్బ తగిలిందా?"

అదీ ఆవిడ మొదటి మాట. మాండలిన్ గురించి కాదు. భర్త యాభై ఏళ్ళు ఒళ్ళో పెట్టుకున్న వస్తువు, ఇంట్లో ఆయన గుర్తుగా మిగిలిన ఒక్క వస్తువు. దాని సంగతి అడగలేదు. పాపకు దెబ్బ తగిలిందా అని అడిగారు. జవాబు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. ఎందుకంటే మాకు తెలియదు. నెల రోజులైనా మేము ఆ పిల్ల మోచెయ్యి చూడలేదు.

మామ్మగారు మమ్మల్ని తిట్టలేదు. కాసేపు ఊరుకుని అన్నారు, "పెట్టె చేయించమని నేను ఆయన్ని ముప్పై ఏళ్ళు పోరానండి. 'ఒళ్ళో పెట్టుకుంటే చాలదా' అనేవారు. కలకత్తా నుంచి రైల్లో అంత దూరమూ ఒళ్ళోనే పెట్టుకొచ్చారట. ఆయనకి ఒళ్ళు ఉంది, చేతులు ఖాళీ. మీకు బండి తోలాలి, బైబిలు పట్టుకోవాలి, సంఘం పట్టుకోవాలి. మీకు పెట్టె కావాలి." తర్వాత, "ఆ పిల్లని నా దగ్గరికి పంపండి. తీగ తెగిందని చెప్పిన దగ్గర నుంచి నా మొహం చూడడం లేదు" అన్నారు.

అక్కడి నుండి పాప ఇంటికి వెళ్ళాము. వాళ్ళమ్మ మంచినీళ్ళిచ్చారు. పాప చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి కింద రూపాయి బిళ్ళంత మచ్చ, మానిపోయింది. "రెండు వారాలు నొప్పి ఉందండి. ఎడమచెయ్యి కదా, మెట్ల మీద వేళ్ళు పెడితే లాగేది" అంది. తల్లిదండ్రుల ముందు ఆ పాపను క్షమించమని అడిగాము. పడేసినందుకు, అడగనందుకు, అబద్ధం ఆడించినందుకు, మూడింటికీ. ఆ పిల్ల ఏడ్చింది. మా ఇంటిది ఏడ్చింది. ఇంకెవరు ఏడ్చారో రాయనక్కర లేదు.

ఆ తర్వాతే, ప్రియులారా, పెట్టె పని సాగింది. ఎలా చేశామో వివరంగా రాస్తున్నాము. మీలో కొందరి ఇళ్ళలో వయొలిన్లు, బుల్‌బుల్‌లు, గిటార్లు ఉన్నాయి. వాటికీ పనికొస్తుంది.

వడ్రంగి గారు మాండలిన్‌ను పెద్ద కాగితం మీద పడుకోబెట్టి చుట్టూ పెన్సిలు గీశారు. పొడవు 27 అంగుళాలు. వెడల్పైన చోట 10. బ్రిడ్జి దగ్గర ఎత్తు మూడు అంగుళాల పైన. లోపల ఫోమ్ వేశాక కూడా చుట్టూ అర అంగుళం లోపు ఖాళీ మాత్రమే మిగిలేలా లెక్క వేశారు. ఎక్కువ ఖాళీ ఉంటే వస్తువు పెట్టెలోనే దెబ్బలు తింటుంది, అసలు ఖాళీ లేకపోతే ప్రతిసారీ నెట్టి దూర్చాలి. పక్కలకు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అడుగుకు, మూతకు 4 మిల్లీమీటర్లది. మెడ వైపు పెట్టెను సన్నగా కోశారు, బరువు తగ్గడానికి.

అన్నిటికన్నా ముఖ్యమైనది లోపల మెడ కింద పెట్టిన చిన్న చెక్కదిమ్మ. దానికి అరచంద్రాకారంగా గాడి తీసి, పైన మెత్తని బట్ట వేశారు. వాయిద్యం బరువు మెడ మధ్యన, కింది అంచున ఆనుతుంది. తలభాగం దేనికీ తగలకుండా గాలిలో నిలుస్తుంది. బ్రిడ్జి పైన మూత తగలదు. పెట్టె పడినా ఆ దెబ్బ నేరుగా తలకు చేరదు. పగిలిన చోటును గట్టిగా పట్టుకుంటేనే భద్రమని మేము అనుకున్నాము. ఆయన దానిని అసలు ముట్టుకోలేదు. దాని ముందున్న బలమైన చోటును పట్టుకున్నారు.

లోపలి కుట్టుపని, పైన రెగ్జిన్ భీమవరంలో బండి సీట్లు కుట్టే అతని చేత చేయించాము. ఫోమ్ నేరుగా వార్నిష్‌కు తగిలితే ఎండకు అంటుకుపోవచ్చు గనుక మధ్యలో మఖమల్ బట్ట వేశారు. తగిలించుకునే పట్టీ కొలిచేటప్పుడు ఆయన "ఎవరు మోస్తారండి?" అని అడిగారు. అది కూడా మాకు తట్టలేదు. మర్నాడు పాపను తీసుకెళ్ళి, ఆ పిల్ల భుజానికి కొలిచి కుట్టించాము. పెట్టె బరువు మూడు కిలోల లోపే వచ్చింది. ఇప్పుడు వీపున వేసుకుంటే తలకు తగలదు, పిక్కలకు తగలదు.

ఖర్చు లెక్క: ప్లైవుడ్ 600, ఫోమ్ 350, రెగ్జిన్ 420, మఖమల్ 280, బందులు, క్లిప్పులు 200, పట్టీ 100. మొత్తం 1,950. వడ్రంగి గారి కూలి 700, కుట్టుకూలి 400. వడ్రంగి గారు గుడి పని అని కూలి వద్దన్నారు. పనిచేసినవారికి కూలి ఇవ్వమని మేమే బోధిస్తాము గనుక బలవంతంగా చేతిలో పెట్టాము.

ఇంకొన్ని జాగ్రత్తలు. దూరప్రయాణమైతే తీగలు కాస్త వదులు చేయండి, పూర్తిగా విప్పకండి. పూర్తిగా విప్పితే బ్రిడ్జి పడిపోతుంది. ఎండలో ఆపిన కారులో, ఆటో వెనక వేడిలో వదలకండి. అతుకుల జిగురు మెత్తబడుతుంది. మన గోదావరి ప్రాంతపు తేమకు చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టెలో వేసి, అప్పుడప్పుడు మార్చండి. పెట్టె లోపల తీగలు తప్ప బరువైన వస్తువేదీ పెట్టకండి. పాటల పుస్తకం కూడా పెట్టకండి. మేము పెట్టబోతే పాప తీసేసింది.

ఇప్పుడు వాక్యము దగ్గరకు వద్దాము. సంఖ్యాకాండము 4వ అధ్యాయము ఇంటి దగ్గర తీసి చదవండి. మనలో చాలామంది ఆ అధ్యాయాన్ని త్వరగా దాటిపోతాము, మేమూ దాటిపోయేవాళ్ళము. ఇశ్రాయేలీయుల పాళెము కదిలేటప్పుడు గుడారములోని ఉపకరణములను ఎలా కప్పాలో దేవుడు ఒక్కొక్కటిగా చెప్పాడు. మందసమునకు ఒక రీతి, బల్లకు ఒక రీతి, బలిపీఠమునకు ఒక రీతి. దీపవృక్షమును నీలిబట్టతో కప్పి, దాని ప్రదీపములు, కత్తెరలు, నూనె పాత్రలతో సహా తోలుకప్పులో పెట్టి, మోసే దండె మీద ఉంచమన్నాడు. అన్నిటికీ ఒకటే సంచి కుట్టమనలేదు. అహరోనును అతని కుమారులును ముందు కప్పాలి, ఆ తర్వాతే కహాతీయులు వచ్చి మోయాలి. మోసేవారెవరో, వారి వయసు ఎంత ఉండాలో కూడా చెప్పబడింది.

ఆకాశములను కలుగజేసిన దేవుడు నూనె పాత్రకు కప్పు గురించి ఎందుకు చెప్పినట్టు? ఆయన ప్రజలు ప్రయాణికులు గనుక. నిలిచి ఉన్న వస్తువుకు పెట్టె అక్కర లేదు. ఇంటింటికీ వెళ్ళే ఆరాధనకు కప్పు కావాలి. "ఏమీ కాదు" అని మేము పాపతో అన్న మాట విశ్వాసము కాదు, అజాగ్రత్త. విశ్వాసమనే పేరు పెట్టి దానిని బియ్యం సంచిలో కట్టాము.

అదే బైబిలులో ఇంకొక కప్పు ఉంది. యెహోషువ గ్రంథములో ఆకాను తాను తీసుకున్నవాటిని డేరా మధ్య నేలలో దాచిపెట్టాడు. దాని మీదా కప్పు ఉంది, మన్ను కప్పు. ఆ దాచినదాని వలన ఇల్లంతా, పాళెమంతా బాధపడ్డారు. కప్పుట వేరు, దాచుట వేరు. ఇక్కడ ఏముందో, ఎక్కడ విరుగుతుందో అందరికీ తెలిసి, అది క్షేమంగా చేరాలని కప్పేది కప్పుట. ఎవరూ చూడకూడదని కప్పేది దాచుట. మేము విజయవాడ దుకాణంలో వెదికింది రెండో రకం కప్పు. అందుకే కొలత కుదరలేదు. వడ్రంగి గారికి పగులు చూపించాకనే పెట్టె కుదిరింది.

మన ఇళ్ళలో కూడా ఇలాంటి పగుళ్ళు ఉన్నాయి. మామ్మగారితో మాట్లాడని మనవరాలు, అన్నతో మాట్లాడని తమ్ముడు, అప్పు సంగతి భార్యకు చెప్పని భర్త. వాటిపైన మంచి బట్ట కప్పి ఆదివారం గుడికి వస్తాము. ప్రభువు దగ్గరకు వెళ్ళేటప్పుడు, ఒకరి దగ్గరకు ఒకరు వెళ్ళేటప్పుడు, ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పండి. చెప్పినవారిని ఆయన విరిగిన చోట నొక్కడు. ఇది మా సాక్ష్యము.

ఒక మాట ఇంకా మిగిలింది. పెట్టె పూర్తయ్యాక మొదట మామ్మగారింటికే తీసుకెళ్ళాము. పాప తెరిచింది. ఆవిడ అతుకు మీద వేలు పెట్టి, "ఇదేనా?" అన్నారు. "అవునండి" అంది పాప, మొహం చూస్తూ. "చెయ్యి చూపించు" అన్నారు. పాప చెయ్యి చూపించింది. రెండు మచ్చలూ చూశాక, "ఊఁ, వాయించు" అన్నారు. శ్రుతి పెట్టడానికి కాస్త సమయం పట్టింది. ఆవిడ తొందరపెట్టలేదు.

బండి మీద ముగ్గురము ఎక్కడం మానేశాము. శుక్రవారం కూడికకు పాప, వాళ్ళమ్మ ఆటోలో వస్తున్నారు. ఆటో ఖర్చుకు నెలకు కొంత ఇస్తామని ఒక కుటుంబం ముందుకు వచ్చింది. వారిని ప్రభువు దీవించును గాక.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, నీ ఆరాధనకు వాడే వస్తువుల కన్నా వాటిని మోసే నీ బిడ్డలను ముందుగా చూసే కన్నులు మాకు దయచేయుము. మేము దాచినవాటిని బయటకు తెచ్చే ధైర్యమిమ్ము. విరిగినచోట నీ చేతులతో అతికి, నీ కృపతో కప్పి, క్షేమముగా మమ్మును గమ్యము చేర్చుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.